మూడు కెరటాల తర్వాత

ఆ ఏడు వానలు ఆలస్యంగా తగ్గాయి. తదింజుత్ దీపాల పండుగ ఇంకా పన్నెండు రోజులుందనగా, పొద్దున్నే దోసెల బండి దగ్గర నాకు చట్నీ గిన్నె అందిస్తూ మా అమ్మాయి సుధామణి తాను శనివారం న్వేసాంగ్ వెళ్తున్నానని చెప్పింది. సముద్రం ఒడ్డున వారం రోజులు. ఒక్కతే. పొద్దున యోగా, తర్వాత కెరటాల మీద చెక్క వేసుకుని నిలబడడం నేర్పుతారట. డబ్బు కూడా కట్టేసిందట.

నేను అప్పుడే పెనం మీద పిండి పోశాను. గరిట తిప్పడం మర్చిపోయాను.

"ఏటి నేర్పుతారు?" అన్నాను.

"కెరటం మీద నిలబడ్డం."

"ఇన్నాళ్ళూ నేల మీద నిలబడ్డావు గదా, సాల్లేదా?"

బండి ముందు ప్లాస్టిక్ పీట మీద కూర్చున్న చంద్రరావు మాస్టారు, మందంగా కాలిన ఆ దోసె పళ్ళెంలో పడగానే, ఈ వేళ ఊతప్పమా అమ్మా అని అడిగాడు. సుధామణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా బుర్రలో అప్పటికే బస్సు కొండ మలుపులో దొర్లిపోయింది. దారిలో తనిఖీ గేటు దగ్గర సైనికులు పిల్లని దించేశారు. పేరు తెలియని చేపేదో కాలు పట్టుకుంది. నాకు ఏ మాట చెప్పినా దాని చివర శవం ఉంటుందని సుధామణి నన్ను వెక్కిరిస్తుంది. ఏం చేయను, ఒక్కసారి అలా జరిగిన ఇంట్లో మనిషిని.

మాది రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు స్టేషను వెనక సందు. మావాళ్ళందరూ మూడు తరాల కిందట కళింగపట్నం నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళు. సుధామణి చౌక్తడాలో ఓడ సరుకు కాగితాలు చూసే ఒక ఆఫీసులో గుమాస్తా. అక్కడ దాన్ని మ తందా అని పిలుస్తారు. బళ్ళో వేసిన బర్మా పేరు అది, పగడం అని అర్థం. కాగితాలు బాగా చూస్తుందని, ఓడ మీదకి వెళ్ళి సరుకు తనిఖీ చేసే పని ఇస్తామని ఆఫీసువాళ్ళు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ వద్దంది. లాంచీలో వెళ్ళాలి, ఓడ పక్కన వేలాడే నిచ్చెన ఎక్కాలి. జెట్టీకీ లాంచీకీ మధ్య కదిలే ఆ జానెడు నీళ్ళు చూస్తే దాని కాళ్ళు వణుకుతాయి. మూడోసారి అడిగి, పండుగ అయ్యాక జవాబు చెప్పమన్నారట. ఈసారీ కాదంటే ఇంక అడగరు.

"అందుకే ఎల్తన్నాను. ఆ బయం తీరాలంటే నీళ్ళలోకే ఎల్లాల," అంది.

ఆ భయం ఎక్కడిదో దానికి తెలీదు. నాకు తెలుసు.

నర్గీస్ తుపాను నాడు, గోదాం తలుపులు కట్టి వస్తానని బోటాటౌంగ్ రేవుకి వెళ్ళిన సుధామణి నాన్న మళ్ళీ రాలేదు. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పదకొండో రోజున నేను పసుపు గుడ్డలో ముడుపు కట్టాను. ముడుపులో నాణెం వెయ్యాలి. ఈ దేశంలో అన్నీ కాగితం నోట్లే, నాణెం ఎవరి దగ్గరా దొరకదు. చూరులో వెతికితే ఆయన ఇత్తడి బిళ్ళ దొరికింది. ఆయన తాత రేవు కూలీగా చేరినప్పుడు దొరలు ఇచ్చిన నంబరు బిళ్ళ అది, నాలుగొందల పదిహేడు. ఆయన రోజుల్లో దాన్ని అడిగేవాళ్ళు లేరు గాని, అది జేబులో లేకుండా రేవుకి వెళ్ళేవాడు కాదు. ఆ ఒక్క రోజు మర్చిపోయాడు. దాన్నే గుడ్డలో వేసి మూడు ముళ్ళు వేశాను. గంగమ్మా, ఆయన్ని నువ్వు తీసుకున్నావు, పిల్లని నీ దారికి రానివ్వను, నువ్వూ దాని జోలికి రాకు అన్నాను. ముడుపుని సింహాద్రి అప్పన్న పటం వెనక పెట్టాను.

అన్న మాట నిలబెట్టుకున్నాను. దాన్ని నది దాటే డలా పడవ ఎక్కనివ్వలేదు. ఇన్యా చెరువు చూడనివ్వలేదు. బడివాళ్ళు నీళ్ళున్న చోటికి తీసుకెళ్తామంటే జ్వరమని కబురు పంపాను. తింజాన్ పండక్కి రంగూన్ అంతా వీధిలో పడి ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుంటుంటే, నా కూతురు ప్రతి ఏడూ కిటికీ రెక్కల వెనక కూర్చుని చూసింది. ఎందుకని ఎన్నోసార్లు అడిగింది. జలుబు చేస్తుందనేదాన్ని.

ఇప్పుడు అదే పిల్ల సముద్రంలోకి దిగుతానంటోంది. ముడుపు ఇంకా పటం వెనకే ఉంది.

వద్దని నోటితో అనలేకపోయాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, జీతం తెస్తోంది. అందుకని బుధవారం నాడు దాని గుర్తింపు కార్డు తీసి కందిపప్పు డబ్బాలో దాచాను. కార్డు లేకపోతే బస్సు ఎక్కనివ్వరు కదా అనుకున్నాను. ఆ పూటంతా నిబ్బరంగానే ఉన్నాను. తర్వాత, ఈ మొండిది కార్డు లేకుండానే బయల్దేరితే, గేటు దగ్గర పట్టుకుంటే, అని తోచింది. గురువారం నేనే పప్పులోంచి కార్డు తీసి, తుడిచి, దాని సంచీలో పెట్టాను. అది సంచీ సర్దుకుంటూ కార్డు సందులోంచి ఒక కందిపప్పు బద్ద తీసి, నా మొహం వైపు చూసి, బద్దని నోట్లో వేసుకుంది.

ఇంక బుల్లియ్య బావే దిక్కు అనుకున్నాను. ఆయన మా ఆయనకి అన్న. బోటాటౌంగ్‌లో రేవు పక్క చెక్క మేడ మీద ఉంటాడు. ఈ వంశంలో ఆయన మాట కాదన్నవాళ్ళు లేరు. శుక్రవారం బండి కట్టేశాక నాలుగు దోసెలు పొట్లం కట్టుకుని వెళ్ళాను. పిల్ల వెళ్తానంటోంది, నువ్వొక్క మాట వద్దను బావా అన్నాను.

ఆయన దోసె తుంచుకుంటూ, ఎక్కడికి అని అడిగాడు. చెప్పాను. చెక్క మీద నిలబడి కెరటం ఎక్కడం అనగానే ఆయన నమలడం ఆపి నా వైపు తిరిగాడు. మొహం అంతా వెలిగిపోయింది.

"మా తాత సేసిన పనదేనమ్మా. కలింగపట్నంలో ఓడ ఒడ్డుకి రాదు. దూరంగా ఆగిపోతాది. జనాల్ని మసూలా పడవలో ఎక్కించి, ఆ కెరటాల్లోంచి ఓడకాడికి తీసుకెల్లేవోడు. ఈ రంగూన్ వొచ్చినోళ్ళందరూ అలాగొచ్చినోళ్ళే, ఆకరికి మా తాతా అలాగే వొచ్చీసేడు."

తర్వాత తాత దగ్గర విన్నదంతా చెప్పుకొచ్చాడు. పడవని నీళ్ళలోకి తొయ్యడానికి ముందు మనుషులు ఒడ్డున పడవ పట్టుకుని నిలబడిపోయేవారట. ఎవరూ మాట్లాడకూడదు. ముందున్నవాడు ఒక్కడే లెక్కపెట్టేవాడట.

"సిన్న కెరటాలు ఎన్నైనా రానీ. పెద్దవి మాత్రం మూడు వరసగా వొస్తాయి. మూడోది ఒడ్డుకి కొట్టీసిందంటే సముద్రం ఊపిరి తీసుకుంటాది. అప్పుడు తోసీయాల. ముందు తోస్తే బోల్తా. ఎనకాడితే మల్లీ మొదటికే."

నేను కథలు వినడానికి రాలేదు బావా అని ముడుపు సంగతి చెప్పాను. పదిహేనేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆయన మొహంలో వెలుగు పోయింది. కిటికీలోంచి నది వైపు చూశాడు. తమ్ముడు పోయిన రేవు అది.

ఇక్కడే ఈ నదిలో విప్పేస్తే పోదా అని అడిగాను.

"ఎవరికి మొక్కేవు?"

"సముద్రానికి."

"మరి సముద్రం కాడికెల్లి ఇప్పాల. కట్టిన సెయ్యే ఇప్పాల. పిల్ల కాలు తడవక ముందే ఇప్పాల."

నేను పుట్టాక రంగూన్ దాటి ఎరగను, సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలీదు అన్నాను. ఆయన పొట్లం కాగితం మడిచి నాకిచ్చి, పెద్ద నీళ్ళే, అంతకంటే ఏటీ లేదు అన్నాడు.

శనివారం తెల్లారకుండానే సుధామణి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ముడుపు సంగతి దానికి చెప్పలేదు. చెబితే నవ్వుతుందేమోనని సగం, నవ్వకపోతే ఎలాగని సగం. సాయంత్రం ఫోను చేసింది. బాగానే చేరానని, గది బాగుందని, కెరటాలు పెద్దగా ఉన్నాయి గనక సోమవారం దాకా నీళ్ళలోకి దింపరనీ, అందాకా ఒడ్డు మీద యోగాయేననీ చెప్పింది. సోమవారం అన్న ఒక్క మాటే నాకు వినబడింది.

ఆదివారం పొద్దున ఆరు గంటల బస్సులో నేనున్నాను. ఒడిలో చేతిసంచీ, దాన్లో పసుపు మూట, అడుగున ఆరుగురికి సరిపడా పులిహోర. సముద్రం దగ్గర ఏం తింటారో ఏమో. పథేన్ ఊరు దాటాక గేటు దగ్గర బస్సు ఆపి కార్డులు చూశారు. ఎక్కడికి అని అడిగాడు కుర్ర సైనికుడు. కూతురి దగ్గరికి అన్నాను. సంచీలో ఏమిటన్నాడు. గిన్నె మూత తీశాను. వాడు వాసన చూసి మూత పెట్టేయమన్నాడు. అక్కణ్ణుంచి కొండ మలుపులు. ఒక్కొక్క మలుపూ నేనే బిగబట్టి తిప్పాను.

సముద్రం కనబడక ముందే వినబడింది. దూరంగా ఎవరో పెద్ద బియ్యపు బస్తా ఈడుస్తున్నట్టు. కొబ్బరి తోట దాటి ఇసక మీద కాలు పెట్టేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అంత నీళ్ళు ఒకే చోట నేనెప్పుడూ చూడలేదు. బావ పెద్ద నీళ్ళన్నాడు గాని, అవి లేస్తాయని, లేచి మన వైపు వస్తాయని చెప్పలేదు.

ముడుపు తీద్దామని సంచీలో చెయ్యి పెట్టాను. అప్పుడు చూశాను. ఒడ్డున ఏడుగురు మనుషులు వరసగా వెల్లకిలా పడున్నారు. అరచేతులు ఆకాశం వైపు. కళ్ళ మీద గుడ్డలు. ఎవరూ కదలడం లేదు. చివరి మనిషి కాళ్ళు నాకు తెలుసు.

నర్గీస్ తర్వాత రేవు గట్టు మీద పోయినవాళ్ళని అలాగే పడుకోబెట్టారు. నేను సుధామణి చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడిచాను. ఆయన వాళ్ళలో లేడు.

ఎలా పరిగెత్తానో తెలీదు. పులిహోర గిన్నె ఎక్కడ పడిందో తెలీదు. వెళ్ళి దాని మీద పడి, గుడ్డ లాగేసి, పేరు పెట్టి అరిచాను. సుధామణి కళ్ళు తెరిచింది.

"అమ్మా? నువ్వేటి ఇక్కడ?"

మిగతావాళ్ళు ఉలిక్కిపడి తలలెత్తారు. నడివయసు బర్మా ఆవిడ ఒకామె, వాళ్ళ టీచరు మ నీలా అట, నా గొంతుకి ఏమీ చలించకుండా, మెల్లిగా పక్కకి తిరిగి లేవండి అని అందరికీ చెప్పింది. తర్వాత నా పక్కన కూర్చుని, ఇది చివర్లో వేసే ఆసనం అమ్మా, శవాసనం అంటారు, ఒంటికి విశ్రాంతి అంది. పేరు విన్నాక నాకు ఇంకా ఏడుపు వచ్చింది.

సుధామణికి కోపం వచ్చింది. దాని కోపం అరుపు కాదు, నడక. ఒడ్డు వెంబడి దూరంగా నడిచిపోయింది. నేను వెనకే నడిచాను. నీళ్ళకి నాలుగు బారల ఇవతల ఆగి, నా వైపు తిరక్కుండా అంది. "ఒక్క వారం. నా బతుకులో ఒక్క వారం ఒక్కదాన్నే ఉందామనుకున్నాను."

అప్పుడు చెప్పాను. పటం వెనక మూట గురించి, బిళ్ళ గురించి, పదకొండో రోజు అన్న మాట గురించి. చెరువులు, పడవలు, జ్వరాలు, కిటికీ, అన్నీ చెప్పాను. అది వింటూ కూర్చుండిపోయింది. సూర్యుడు నీళ్ళ అంచుకి దిగాడు. తిన్నగా అటు పోతే కళింగపట్నం అని బావ అనేవాడు.

"నన్నడక్కుండా నా తరపున మాటిచ్చీసేవు," అంది చివరికి. "నా కాళ్ళు ఎందుకు వొణుకుతాయో తెలవక, నాలోనే ఏదో లోపముందనుకున్నాను ఇన్నేళ్ళూ."

నాకు భయం వేసిందే అన్నాను. అది తెలుసంది.

ఆ సాయంత్రం పులిహోర, అదృష్టం కొద్దీ మూత ఊడలేదు, మిగతా ఆరుగురూ మెచ్చుకుని తిన్నారు. నా కూతురు ముట్టుకోలేదు. చేపలు ఎండబెట్టే వాళ్ళింట్లో నాకు ఒక గది కుదిర్చి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున గది తలుపు తీసేసరికి అది మెట్టు మీద కూర్చుని ఉంది.

"పద. ఇప్పీ," అంది.

ఒడ్డుకి వెళ్ళాం. ముడి విప్పేదాకా నువ్వు పొడి ఇసక మీదే ఉండాలన్నాను. కళ్ళు ఆకాశానికి ఎత్తింది గాని నిలబడింది. నేను మూట తీసి ముడి పట్టుకున్నాను. రాలేదు. పదిహేనేళ్ళ పసుపు, దీపం పొగ, నూనె కలిసి ముడి రాయి అయిపోయింది. గోళ్ళతో పీకాను. పంటితో లాగాను. తడిపితే వదులవుతుందేమో అంది సుధామణి వెనకనుంచి.

తడపాలంటే నేను దిగాలి. చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండడుగులు వేశాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అది నేను ఊహించలేదు. చల్లగా ఉంటాయనుకున్నాను, ఎందుకో. వంగి మూటని ముంచాను. వచ్చిన కెరటం మోకాళ్ళ దాకా తగిలింది, అది బాగానే ఉంది. వెనక్కి పోయేటప్పుడు మాత్రం కాళ్ళ కింద ఇసకని లాక్కుపోయింది. నేను కూలబడ్డాను. రెండో కెరటం నెత్తి మీంచి పోయింది. ఉప్పు, ఇసక, చీకటి. మూట వదల్లేదు.

జబ్బ పట్టుకుని ఎవరో లేపారు. కళ్ళు తుడుచుకుని చూస్తే సుధామణి. తడిసిన జుట్టు మొహానికి అతుక్కుని ఉంది. నన్ను తన ఒంటికి ఆనించుకుని, ఇంకో కెరటానికి వీపు తిప్పి నిలబడింది. కాళ్ళు వణకడం లేదు.

ముడి ఇంకా విప్పలేదు. పిల్ల నడుం దాకా నీళ్ళలో ఉంది.

నేను చూశాను. దాని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి నడిచాను.

ఒడ్డున కూర్చుని ఇద్దరం చెరో కొసా పట్టుకుని లాగితే ముడి వచ్చింది. బిళ్ళ నల్లబడి ఉంది. సుధామణి దాన్ని నా చీర చెంగుతో రుద్ది నంబరు చదివింది. ఇది నా దగ్గర ఉంచుకోకూడదా అని అడిగింది. ఇచ్చింది ఇచ్చినట్టే, ఇది మనది కాదు అన్నాను. సరేనని నన్నే విసరమంది. విసిరాను. కెరటం తెచ్చి ఇసక మీద పెట్టింది. ఇంకా గట్టిగా విసిరాను. మళ్ళీ తెచ్చింది.

"ఆవిడికి వొద్దేమోనమ్మా," అంది. నిన్నటినుంచి మొదటిసారి దాని పెదవి చివర నవ్వు చూశాను.

ఒడ్డునుంచి వేస్తే తిరిగొచ్చేస్తుంది. కెరటాలు విరిగే చోటు దాటి, అవతల వెయ్యాలి. అక్కడికి వెళ్ళగలిగేది ఎవరో ఇద్దరికీ తెలుసు. బిళ్ళని పసుపు గుడ్డలో మళ్ళీ చుట్టాను. ఈసారి ముడి వెయ్యలేదు.

అవతలికి వెళ్ళడం అనుకున్నంత సులువు కాదు. ఆ రోజు మొదలు మంగళ, బుధ, గురువారాలు నేను ఒడ్డున కొబ్బరి మొద్దు మీద కూర్చుని చూశాను. చెక్కని కాలికి తాడుతో కడతారు. ఆ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చింది ఆ తాడు ఒక్కటే. సుధామణి చెక్క మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్తుంది. కెరటం విరిగే దగ్గరికి వెళ్ళేసరికి తెల్లగా నురగ లేచి దాన్నీ చెక్కనీ కలిపి ఒడ్డుకి విసిరేస్తుంది. లేస్తుంది. ఇసక ఉమ్ముతుంది. మళ్ళీ వెళ్తుంది. మొదటిరోజు నేను కళ్ళు మూసుకుని అప్పన్నని తలుచుకున్నాను. రెండో రోజు ఒక కన్ను తెరిచాను. మూడో రోజు నాకొకటి కనిపించింది. పిల్ల కెరటాన్ని చూసి వెళ్ళడం లేదు. కుదుట పడగానే, ధైర్యం రాగానే వెళ్తోంది. సముద్రానికి దీని ధైర్యంతో పనేముంది.

గురువారమంతా లెక్కపెట్టాను. చిన్నవి ఏడు, ఎనిమిది, ఒకసారి పదకొండు. తర్వాత పెద్దవి. ఒకటి, రెండు, మూడు. బావ చెప్పినట్టే మూడు. మూడోది ఒడ్డుకి కొట్టాక, నిజంగానే, నీళ్ళన్నీ ఆగి బల్లపరుపుగా పరుచుకున్నాయి. పిండి కలిపి గరిట తీసేశాక గిన్నెలో సర్దుకున్నట్టు. మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ మూడు. సాయంత్రానికి నాలుగుసార్లు తప్పితే మిగతా అన్నిసార్లూ మూడే.

శుక్రవారం ఆఖరి రోజు. సుధామణి గుడ్డ మూటని నడుముకి దోపుకుంది. మ నీలా ముందే వెళ్ళి కెరటాల అవతల తన చెక్క మీద కూర్చుని చెయ్యి ఊపింది. నేను చీర దోపుకుని మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి సుధామణి చెక్క వెనక అంచు పట్టుకున్నాను. ఇదేటమ్మా అంది.

"మాటాడకు. నే సెప్పీదాకా కదలకు."

నా గొంతులో ఏం విందో, కదల్లేదు. చిన్నవి వస్తున్నాయి, పోతున్నాయి. మ నీలా రమ్మని మళ్ళీ చెయ్యి ఊపింది. వద్దన్నట్టు నేను తల ఊపాను. తొమ్మిది దాకా లెక్కపెట్టాను. దూరంగా నీళ్ళు నల్లగా లేచాయి. ఒకటి. చెక్కని గట్టిగా పట్టుకున్నాను. రెండు. నా నడుం దాకా లేచి తోసింది, ఆగాను. మూడోది దగ్గర్లోనే విరిగింది. నా చేతులు చెక్కని వెనక్కి లాగాలనే చూశాయి. పదిహేనేళ్ళ అలవాటు మరి.

నీళ్ళు పరుచుకున్నాయి.

"ఎల్లు," అని, ఉన్న బలమంతా పెట్టి తోశాను.

అది చేతులు వేసింది. నేను చూస్తూ ఉండగానే విరిగే చోటు దాటిపోయింది. అక్కడ సముద్రం ఊగుతోంది గాని విరగడం లేదు. చెక్క మీద లేచి కూర్చుని, నడుం దగ్గర వెతుక్కుని, చెయ్యి చాపి, వదిలేసింది. పసుపు గుడ్డ కాసేపు తేలింది. తర్వాత అదీ కనబడలేదు.

వచ్చేటప్పుడు ఒక కెరటం తోసుకొస్తుంటే పిల్ల చెక్క మీద లేచి నిలబడింది. నేను లెక్కపెట్టాను. నాలుగు అంకెలు. అయిదోదానికి పడింది. పడి లేచి నీళ్ళలో నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. నేను ఏడుస్తున్నానా నవ్వుతున్నానా అని మ నీలా అడిగిందట. ఉప్పునీళ్ళు అని చెప్పానట. నాకు గుర్తులేదు.

మర్నాడు బస్సులో అది నా భుజం మీద తల పెట్టుకుని రంగూన్ దాకా నిద్రపోయింది. మలుపుల దగ్గర నేను దాని తల పట్టుకున్నాను. పండుగ రోజు పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి కదా, బోటాటౌంగ్ వెళ్ళి బుల్లియ్య బావ కాళ్ళకి దణ్ణం పెట్టింది. నాలుగు అంకెలు నిలబడ్డానని చెప్పింది. మా తాత పడవలో కూచునేవోడే గాని నిలబడ్డం ఎరగడు అన్నాడు ఆయన. బిళ్ళ ఎక్కడ పడిందని అడిగాడు. చెబితే, అయితే సగం దూరం ఇంటికెల్లినట్టే అని కొవ్వొత్తి వెలిగించుకున్నాడు.

పండుగ అయిన రెండో రోజు సుధామణి ఆఫీసులో సరేనని చెప్పింది.

మొదటిసారి ఓడ మీదకి వెళ్ళే రోజున రావద్దంటే వినకుండా, టిఫిన్ డబ్బా ఇచ్చే వంకతో నేనూ రేవుకి వెళ్ళాను. ఆయన వెళ్ళిన ఆ గట్టు మీద పదిహేనేళ్ళ తర్వాత కాలు పెట్టడం అదే. లాంచీ జెట్టీకి ఆనుకుని పైకీ కిందకీ ఊగుతోంది. మధ్యలో జానెడు నీళ్ళు, మూసుకుంటూ తెరుచుకుంటూ. అంచున నా కూతురు, నెత్తి మీద పసుపు టోపీ. పక్కనే నేను ఆ నీళ్ళ వైపే చూస్తూ, తనకి మాత్రమే వినబడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి.

నేను రెండు అనేలోపే అది లాంచీలో ఉంది.